థామస్ ఆల్వా ఎడిసన్: ఒక బ్యాటరీ కథ

మా అధ్యాపకుల గదిలో ఇటీవల జరిగిన ఒక చర్చ ఈ వ్యాసమునకు కారణమైనది. మా సహాధ్యాపకులొకరు బ్యాటరీతో నడిచే స్కూటరు కొన్నారు. దానిని చూడవచ్చిన వారందరు అడిగిన ప్రశ్నలు మూడే. ఒకసారి చార్జి చేస్తే ఎంత దూరము పోతుంది? చార్జి కావడానికి ఎన్ని గంటలు పడుతుంది? కొన్నేండ్లకు బ్యాటరీ పాడైతే ఖర్చెంత? బండి రంగును గురించి గాని, వేగమును గురించి గాని ఎవరును అడుగలేదు. చాయ చల్లారిపోయినది గాని ఆ మూడు ప్రశ్నలకు మాత్రము తృప్తికరమైన సమాధానము దొరకలేదు.

ఈ ప్రశ్నలు మన కాలములో పుట్టినవి కావు. 1900 ప్రాంతమున అమెరికాలో విద్యుత్తు బండ్లు కొన్నవారిని కూడ పొరుగువారు ఇవే అడిగేవారు. వాటికి సమాధానము కనిపెట్టవలెనని ఒక మేధావి తన జీవితములో పదేండ్లు వెచ్చించాడు. ఆయన థామస్ ఆల్వా ఎడిసన్. ఆ పేరు వినగానే మన విద్యార్థులకు విద్యుద్దీపము జ్ఞాపకము వస్తుంది. పాఠ్యపుస్తకాలు దీపము దగ్గరనే ఆగిపోతాయి. ఆ దీపమును కొంచెము పక్కనపెట్టి, వెనుకనున్న మనిషిని, ముఖ్యముగా ఆయన బ్యాటరీని చూపుట మా ఉద్దేశము.

ఎడిసన్ 1847 ఫిబ్రవరి 11న ఒహాయో రాష్ట్రములోని మిలాన్ అను చిన్న ఊరిలో జన్మించాడు. ఏడుగురు సంతానములో ఆయనే కడగొట్టువాడు. ఏడేండ్ల వయసులో కుటుంబము మిషిగన్ రాష్ట్రములోని పోర్ట్ హ్యూరన్ పట్టణమునకు తరలిపోయినది. బడి చదువు కొద్ది నెలలకు మించలేదు. పూర్వము ఉపాధ్యాయినిగా పనిచేసిన తల్లి నాన్సీ ఇంటివద్దనే చదువు చెప్పినది. పన్నెండేండ్ల వయసులో పోర్ట్ హ్యూరన్, డెట్రాయిట్‌ల మధ్య నడిచే రైలులో వార్తాపత్రికలు, మిఠాయిలు అమ్మే పనిలో చేరాడు. సామాను పెట్టెలో ఒక మూల రసాయనాల సీసాలు, మరొక మూల చిన్న ముద్రణ యంత్రము పెట్టుకొన్నాడు. 1862లో ఆ రైలులోనే సొంతముగా ఒక వారపత్రిక అచ్చువేశాడు. అదే సంవత్సరము మౌంట్ క్లెమెన్స్ స్టేషనులో పట్టాల మీద ఆడుకొంటున్న స్టేషను మాస్టరు కుమారుని, దొర్లుకొని వస్తున్న రైలుపెట్టె కింద పడకుండ పక్కకు లాగి కాపాడాడు. కృతజ్ఞుడైన ఆ తండ్రి బాలునికి టెలిగ్రాఫు విద్య నేర్పాడు. కొన్నేండ్ల పాటు ఊరూర తిరిగి తంతి పని చేసుకొని బ్రతికాడు.

బాల్యమునుండే ఆయనకు వినికిడి తక్కువ. దానికి కారణమును ఆయనే ఒక్కొక్క సందర్భములో ఒక్కొక్క విధముగా చెప్పుకొన్నాడు గనుక మేము ఆ చర్చలోనికి పోము. ప్రపంచములో మొట్టమొదట శబ్దమును పట్టి నిలిపి మరల వినిపించినవాడు చెవిటివాడే అను సంగతి మాత్రము పాఠకులు మనసున ఉంచుకొనవలెను.

మా దృష్టిలో ఎడిసన్ జీవితమునకు తాళపుచెవి వంటి సంఘటన 1869లో జరిగినది. అప్పుడు ఆయన వయసు ఇరువదిరెండేండ్లు. ఆయన తీసుకొన్న మొదటి పేటెంటు ఆ సంవత్సరము జూన్ 1న లభించినది. అది శాసనసభలలో ఓట్లను విద్యుత్తుతో నమోదు చేసే యంత్రము. సభ్యుడు తన స్థానమునుండియే మీట కదిపితే అవును, కాదు అను ఓట్లు క్షణములో లెక్కకు వస్తాయి. యంత్రము చక్కగా పనిచేసినది, కాని శాసనసభ్యులకు అది అక్కరలేకపోయినది. ఓట్ల లెక్కింపు నెమ్మదిగా సాగుటయే వారికి లాభము. ఆ వ్యవధిలోనే బేరసారాలు, బుజ్జగింపులు జరుగుతాయి. నేడు మన పార్లమెంటులో సభ్యులు మీట నొక్కి ఓటు వేస్తున్నారు గాని, ఆనాడు ఆ యంత్రమును కొన్న నాథుడు లేడు. ఇకమీదట జనము కొనని వస్తువును కనిపెట్టుటకు కాలము వృథా చేయరాదని ఎడిసన్ ఆ దెబ్బతో నిశ్చయించుకొన్నాడు. శాస్త్రజ్ఞుడు, వర్తకుడు ఆయనలో అప్పటినుండి ఒక్కరై పోయారు. ఈ నిశ్చయము సంగతి ముందు ముందు మరల వస్తుంది.

న్యూయార్కులో స్టాకు ధరలను అచ్చువేసే తంతి యంత్రాలతో కొంత ధనము చేరినది. 1876లో న్యూజెర్సీలోని మెన్లో పార్కు అను పల్లెలో ఒక ప్రయోగశాల కట్టించాడు. అంతకు పూర్వము నూతన కల్పన ఏ ఒంటరి మనిషికో తట్టే మెరుపు వంటిది. మెన్లో పార్కులో అది జీతము మీద పదిమంది కలిసి రాత్రింబవళ్లు చేసే పని అయినది. నేటి పెద్ద కంపెనీల పరిశోధన విభాగాలకు మూలము అక్కడున్నది. ఎడిసన్ పేరిట అమెరికాలో 1,093 పేటెంట్లున్నవి. వాటిలో పనివాండ్ల పాలు ఎంత అన్నది లెక్కకు అందదు. 1877 చివరలో ఆయన గీసి ఇచ్చిన బొమ్మను చూచి ఫోనోగ్రాఫును తన చేతులతో చేసినవాడు జాన్ క్రూసీ అను స్విట్జర్లాండు దేశపు పనివాడు. స్థూపము మీద తగరపు రేకు చుట్టి, పిడి త్రిప్పుచు ఎడిసన్ ఒక పిల్లల పాట చదివాడు. సూదిని వెనుకకు తెచ్చి మరల త్రిప్పగా యంత్రము అదే పాటను వినిపించినది. గదిలోని వారందరు నిశ్చేష్టులైనారు.

మరుసటి సంవత్సరము, 1878లో, ఆ యంత్రము ఏయే పనులకు ఉపయోగపడగలదో ఎడిసన్ ఒక పత్రికలో జాబితా వ్రాశాడు. గుమాస్తా లేకుండ ఉత్తరాలు చెప్పి వ్రాయించుట, అంధులకు పుస్తకాలు చదివి వినిపించుట, ఉచ్చారణ నేర్పుట, సంగీతము వినిపించుట, ఇంటిలోని వారి మాటలను, మరణశయ్య మీది పలుకులను సైతము దాచుట, ఆటబొమ్మలు, వేళ చెప్పే గడియారాలు, భాషల ఉచ్చారణను భద్రపరచుట, గురువు పాఠమును విద్యార్థి కావలసినప్పుడు మరల వినుట, టెలిఫోనుతో కలిపి సంభాషణలను నిలుపుట అను పనులన్నియు అందులో ఉన్నవి. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదవ తరగతి పిల్లలకు పంచిన ట్యాబులలో పాఠాలు నింపి ఇచ్చిన వార్త చదివినప్పుడు మాకు ఈ జాబితాయే గుర్తుకు వచ్చినది. తగరపు రేకు చుట్టిన యంత్రము దగ్గర నిలబడి, చేతిలో పట్టే పలకలో నేడు ఇమిడియున్న పనులను పేరు పేరున చెప్పగలుగుట సామాన్యము కాదు.

అయితే జాబితా వ్రాయుట వేరు, ఆ పనులను చేసి చూపుట వేరు. తగరపు రేకు నాలుగైదు సార్లకే చిరిగిపోయేది. ఎడిసన్ దానిని పక్కనపెట్టి దీపము పనిలో పడ్డాడు. పదేండ్లకు మైనపు స్థూపములతో మరల వచ్చాడు. 1890లో మాటలాడే బొమ్మను బజారులోనికి దింపాడు. బొమ్మ కడుపులో చిన్న ఫోనోగ్రాఫు, వీపున పిడి. పిల్లలు సమవేగముతో పిడి త్రిప్పలేకపోయారు, సున్నితమైన సూది స్థానము తప్పేది, గొంతు వినుటకు భయము గొలిపేది. కొనినవారు తిరిగి తెచ్చి ఇచ్చుట మొదలుపెట్టగా కొద్ది వారాలకే బొమ్మల అమ్మకము నిలిచిపోయినది. సంగీతము విషయములోను ఆయన అంచనా తప్పినది. ఎమిల్ బెర్లినర్ తెచ్చిన బల్లపరుపు రికార్డు చౌకగా అచ్చువేయుటకు అనువైనది. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడినది ఆ రికార్డుల కొరకే. మా ఉర్దూ విభాగపు పాఠకులకు ఆ పేరు పరిచయమే. ఎడిసన్ మాత్రము 1912 వరకు స్థూపమును పట్టుకొని కూర్చున్నాడు. తీరా పళ్లెము చేసినప్పుడు దానిని ఇతరుల యంత్రాలపై వినుటకు వీలు లేని పద్ధతిలో చేశాడు. ఒక కంపెనీ తీగ మరొక కంపెనీ ఫోనుకు పట్టదని విసుగుకొనే మన విద్యార్థులకు ఇది కొత్త సంగతి కాకపోవచ్చును. ఏ గాయకుని పాట తీసుకోవలెనో కూడ వినికిడి లేని ఆయనే నిర్ణయించేవాడు. ఫోనోగ్రాఫు చెక్కను పండ్లతో కరచి పట్టుకొని, ఎముకల ద్వారా వచ్చే అదురును బట్టి సంగీతము వినేవాడు. ఆయన పండ్ల గాట్లు ఆ చెక్క మీద నిలిచియున్నవి. 1929 అక్టోబరులో రికార్డుల వ్యాపారమే మానుకొనవలసి వచ్చినది.

దీపమును గూర్చి క్లుప్తముగా చెప్పెదము. 1879 అక్టోబరులో కర్బనపు పోగుతో దీపము నిలిచి వెలిగినది. 1882 సెప్టెంబరు 4న న్యూయార్కు పెర్ల్ వీధి కేంద్రమునుండి ఇండ్లకు, కార్యాలయాలకు విద్యుత్తు పంపిణీ ఆరంభమైనది. దూరాలకు పంపగల ప్రత్యావర్తి విద్యుత్తు పోటీకి వచ్చినప్పుడు, అది ప్రాణాంతకమని చాటుటకు ఎడిసన్ ప్రయోగశాలలో మూగజీవాలను ఆ విద్యుత్తుతో చంపి చూపిన ప్రదర్శనలు జరిగినవి. ఇది ఆయన జీవితములో మాకు రుచించని ఘట్టము. ఆ పోటీలో ఆయన ఓడిపోయాడు. 1892లో ఆయన కంపెనీ మరొక దానితో కలిసి జనరల్ ఎలక్ట్రిక్ అయినప్పుడు పేరులోనుండి ఎడిసన్ అను మాట తొలగిపోయినది. వచ్చిన ధనమును న్యూజెర్సీ కొండలలో ముతక ఇనుప ఖనిజమును పొడిచేసి అయస్కాంతముతో వేరుచేసే కర్మాగారములో పోశాడు. మిన్నెసోటాలో చవకయైన మేలిరకపు ఖనిజము దొరకుటతో అదియు మూతపడినది. అప్పటికి ఆయన వయసు యాభై దాటినది. మరొకడైతే విశ్రాంతి తీసుకొనేవాడే.

ఇప్పుడు మన బండి దగ్గరకు వస్తాము. 1900వ సంవత్సరములో అమెరికాలో తయారైన మోటారు బండ్లు 4,192. వాటిలో ఆవిరివి 1,681, విద్యుత్తువి 1,575, పెట్రోలువి 936 మాత్రమే. పాఠకులు ఈ అంకెలను మరొకసారి చూడవలెనని కోరుతున్నాము. పెట్రోలు బండి మూడవ స్థానములో ఉండినది. అది పొగ చిమ్మేది, పెద్దగా మ్రోగేది. దానిని కదలించుటకు ముందు నిలబడి ఇనుప పిడి త్రిప్పవలెను. పిడి వెనుకకు తన్నితే చేతి ఎముక విరిగేది. విద్యుత్తు బండికి ఆ బాధలు లేవు. ఎక్కి కూర్చొని మీట కదిపితే చప్పుడు లేకుండ సాగిపోతుంది. పట్టణాలలోని సంపన్న స్త్రీలు, వైద్యులు దానిని మెచ్చుకొన్నారు.

దాని లోపమంతయు బ్యాటరీలోనే ఉన్నది. సీసపు పలకలు, గంధకామ్లము గల ఆ బ్యాటరీ రాతిబండ వలె బరువైనది. ఆమ్లము ఒలికితే చుట్టుపక్కల ఉన్నదానిని తినివేస్తుంది. గతుకుల బాట మీద పలకలు రాలిపోతాయి. పూర్తిగా ఖాళీ చేసి అట్లే ఉంచితే చెడిపోతుంది. ఎడిసన్ 1899లో ఈ సమస్యను చేపట్టాడు. ఆమ్లమునకు మారుగా క్షారమును, సీసమునకు మారుగా తేలిక లోహములను వాడవలెనని ఆయన తలంపు. అనేక వేల ప్రయోగాల తరువాత ఒక ధ్రువమునకు నికెలు, మరొక ధ్రువమునకు ఇనుము, నడుమ పొటాషియం హైడ్రాక్సైడు ద్రావణము కుదిరినవి. స్వీడనులో వాల్డెమార్ యుంగ్నర్ అను శాస్త్రజ్ఞుడు అదే కాలమున అదే మార్గమున నడిచాడు. పేటెంటు కొరకు వారిరువురి మధ్య వివాదము సాగినది. యుంగ్నర్ పేరు నేడు ఎంతమందికి తెలుసునో మా చదువరులే చెప్పవలెను.

1901లో బ్యాటరీ కంపెనీ ఏర్పడినది. ఎడిసన్‌కు ఒక దుర్గుణముండెను. వస్తువు సిద్ధము కాకముందే సిద్ధమైనదని పత్రికలవారికి చెప్పేవాడు. బ్యాటరీ విషయములో ఈ ప్రకటన ఒకసారి కాదు, అనేకసార్లు వెలువడినది. గుర్రాల కాలము ముగిసినదని, సామాన్యుడు త్వరలోనే విద్యుత్తు బండి ఎక్కుతాడని జనము నమ్మినది. 1903, 1904 సంవత్సరాలలో బ్యాటరీలు అమ్మకమునకు వచ్చినవి. వాటితో సామాను బండ్లు నడచినవి. కొన్ని నెలలకే ఫిర్యాదులు మొదలైనవి. అతుకుల దగ్గర ద్రావణము కారుతున్నది. కొన్ని పెట్టెలు ఏ కారణము లేకుండ సత్తువ కోల్పోతున్నవి.

ఇక్కడ ఎడిసన్ చేసిన పనిని మేము ప్రత్యేకముగా పేర్కొనదలచినాము. కొనేవారు ఇంకను ఉన్నారు, కర్మాగారము నడుస్తున్నది, పెట్టుబడి ఇరుక్కొన్నది. అయినను ఆయన 1904 చివరలో తయారీ నిలిపివేశాడు. చెడిన బ్యాటరీలను వెనుకకు తీసుకొన్నాడు. మొదటి నుండి ప్రయోగాలు ఆరంభించాడు. ముందుగా గొప్పలు చెప్పిన తప్పునకు ఆయన చెల్లించిన మూల్యము అయిదేండ్ల కాలము, పది లక్షల డాలర్లకు పైబడిన ధనము.

లోపము ఎక్కడున్నదో నెమ్మదిగా తెలిసినది. నికెలు సమ్మేళనము విద్యుత్తును సరిగా ప్రసరింపనీయదు. మొదటి బ్యాటరీలో అందుకని కలిపిన గ్రాఫైటు కాలక్రమమున ఉబ్బి పట్టు వదలుతున్నది. దానికి మారుగా శుద్ధమైన నికెలు రేకులు వాడవలెను. అవి వెంట్రుకకన్న ఎన్నో రెట్లు పలుచనివి కావలెను. అట్టి రేకులను సుత్తితో కొట్టి చేయలేరు. ఒక లోహపు స్థూపము మీద రాగి పూత, దానిపై నికెలు పూత, మరల రాగి, మరల నికెలు ఈ విధముగా విద్యుత్తుతో పొరలు ఎక్కించి, ఆ పట్టను చిన్న చదరపు ముక్కలుగా కత్తిరించి, రాగిని కరగించివేస్తే నికెలు రేకులు మిగులుతాయి. నాలుగంగుళాల ఉక్కు గొట్టములో రేకులు ఒక పొర, నికెలు హైడ్రాక్సైడు ఒక పొర చొప్పున వందలాది పొరలు దట్టించేవారు. ద్రావణములో కొద్దిగా లిథియం హైడ్రాక్సైడు కలిపితే బ్యాటరీ సత్తువ, ఆయువు పెరుగుచున్నవని కూడ కనుగొన్నారు. నేటి ఫోనులో, ట్యాబులో, కారులో ఉన్న లిథియం బ్యాటరీ వేరొక సిద్ధాంతము మీద పనిచేసేది, 1991లో బజారుకు వచ్చినది. అయినను ఆ లోహము పేరు ఇంత ముందుగా బండి బ్యాటరీ కథలో కనబడుట మాకు ఆశ్చర్యము కలిగించినది. తయారైన పెట్టెలను మేడ మీదినుండి కిందికి పడవేసి పరీక్షించేవారు. బండ్లలో అమర్చి గుంతల బాటలపై నెలల తరబడి నడిపించేవారు.

1909లో కొత్త బ్యాటరీ వెలువడినది. అది ఈసారి మాట నిలబెట్టుకొన్నది. ఖాళీగా ఉంచినను, మితిమీరి చార్జి చేసినను తట్టుకొన్నది. ఏండ్లకు ఏండ్లు పనిచేసినది. డెట్రాయిట్ ఎలక్ట్రిక్ అను కారును ఈ బ్యాటరీతో కొనదలచినవారు సుమారు 600 డాలర్లు అదనముగా ఇచ్చేవారు. ఒక పరీక్షలో ఆ కారు ఒక్క చార్జితో 211 మైళ్లు, అనగా 340 కిలోమీటర్లు నడిచినది. నిత్యము వాడే బండి అందులో సగము కూడ పోకపోయినను, పట్టణములో తిరుగుటకు అది చాలును. 1912 నాటికి అమెరికాలో విద్యుత్తు కార్లు ముప్పది వేలకు మించి ఉండినవి.

మరి అడ్డుపడినదేమి? ఇందుకొరకు మనము పదమూడేండ్లు వెనుకకు పోవలెను. 1896 ఆగస్టులో న్యూయార్కు సమీపమున ఎడిసన్ విద్యుత్ కంపెనీల సమావేశము జరిగినది. డెట్రాయిటు కంపెనీ తరఫున ఒక యువ ఇంజనీరు వచ్చాడు. విద్యుత్తు సంస్థలో ఉద్యోగము చేస్తూ, తీరిక వేళల పెట్రోలు బండి చేసుకొన్నాడని ఎవరో చెప్పగా ఎడిసన్ ఆయనను దగ్గరకు పిలిచి, చెవి ఒగ్గి, బండి వివరాలన్నియు అడిగి తెలుసుకొన్నాడు. విద్యుత్తు బండి చార్జి కేంద్రమునకు దూరము పోలేదు, పెట్రోలు బండి తన శక్తిని తనతోనే మోసుకొని పోతుంది గనుక ఆ పని విడువవద్దని ప్రోత్సహించాడు. ఆ యువకుడు హెన్రీ ఫోర్డు. తన ఆరాధ్య పురుషుడు అన్న ఆ మాటతో ఆయనకు కలిగిన ధైర్యము ఇంతంత కాదు.

1908లో ఫోర్డు మోడల్ టీ కారును 850 డాలర్లకు తెచ్చాడు. ఏటేటా ధర తగ్గించుచు 1920ల నడుమకు 300 డాలర్ల లోపుకు దింపాడు. ఎడిసన్ బ్యాటరీకి అదనముగా ఇచ్చే సొమ్ము ఆ కారు వెలకు రెండింతలైనది. 1901లో టెక్సాసులో పెద్ద చమురు బావి పడిన తరువాత పెట్రోలు కొరత లేకుండ పోయినది. విద్యుత్తు మాత్రము పట్టణము పొలిమేర దాటలేదు. 1930ల నడుమ కూడ అమెరికా పొలాల ఇండ్లలో పదింట ఒక్కదానికే దీపముండెను. రైతు కారు కొంటే దానిని ఎక్కడ చార్జి చేయవలెను? ఇక 1912 కాడిలాక్ కారులో చార్లెస్ కెటరింగ్ అమర్చిన స్వయం చాలకము వచ్చినది. చేతులు విరుగగొట్టే పిడి పోయి మీట వచ్చినది. పెట్రోలు బండిని జనానికి ప్రీతిపాత్రము చేసినది విద్యుత్తే! దానికి క్షణకాలము పెద్ద ప్రవాహము కావలెను. అది ఇచ్చుటకు సీసపు బ్యాటరీయే తగినది. ఎడిసన్ బ్యాటరీకి, అందును చలిలో, ఆ చేవ లేదు. తాను కాదని త్రోసిన బ్యాటరీ ప్రపంచములోని ప్రతి కారులో చేరి కూర్చొన్నది.

ఎడిసన్‌కు ఫోర్డు అప్పటికి ప్రాణమిత్రుడు. అప్పిచ్చి ఆదుకొన్నాడు. 1914 జనవరిలో ఎడిసన్ బ్యాటరీతో చౌకయైన విద్యుత్తు కారు చేయనున్నట్లు ఫోర్డు ప్రకటించాడు. రెండొక ప్రయోగపు బండ్లు తయారైనవి గాని కారు బజారుకు రాలేదు. ఒక వింత ఏమనగా, ఫోర్డు భార్య క్లారా ఆ రోజులలో నడిపినది డెట్రాయిట్ ఎలక్ట్రిక్ కారే. లోకమునకంతటికి పెట్రోలు కారు అమ్మినవాని ఇంటిలో ఇల్లాలికి విద్యుత్తు కారు! అదే 1914 డిసెంబరు 9న వెస్ట్ ఆరెంజిలోని ఎడిసన్ కర్మాగారాలు అగ్నికి ఆహుతియైనవి. అరువది ఏడేండ్ల వయసులో మరునాటినుండే తిరిగి కట్టే పని చేపట్టాడు.

ఎడిసన్ యంత్రాలకు ప్రాణాలు కూడ బలియైనవి. ఎక్స్ కిరణాల పరీక్షలలో ఆయనకు తోడుగా పనిచేసిన క్లారెన్స్ డాలీ, ఆ కిరణాల దెబ్బకు చేతులు పోగొట్టుకొని 1904లో మరణించాడు. ఎడిసన్ ఆ కిరణాల జోలికి మరల పోలేదు. 1916 జనవరి 15న బ్రూక్లిన్ నౌకాశ్రయములో ఎడిసన్ బ్యాటరీలు అమర్చిన ఈ-2 అను జలాంతర్గామిలో హైడ్రోజను వాయువు చేరి పేలిపోయినది. లోపల పనిచేస్తున్న కొందరు మరణించారు. ఆమ్లము లేదు గనుక జలాంతర్గామికి ఈ బ్యాటరీ క్షేమమని అంతకు ముందు ప్రచారము జరిగియుండినది. విచారణలో ఎడిసన్ పక్షమువారు నౌకాదళపు నిర్వహణను తప్పుపట్టారు. ఆ వాదములో కొంత నిజమున్నను, చనిపోయినవారి ముందు అది ఆయనకు శోభనిచ్చిన వాదము కాదు.

జనము కొనని వస్తువు చేయనని ఇరువదిరెండేండ్ల వయసులో ఒట్టు పెట్టుకొన్నవాడు, అరువదిరెండేండ్ల వయసులో, కొనేవారు వేరొక దారి పట్టిన తరువాత సరుకు సిద్ధము చేశాడు. కాని ఎడిసన్ చేసిన వస్తువులలో ఆ బ్యాటరీ నష్టము తెచ్చినదని పొరబడరాదు. కార్లు వద్దన్నను రైల్వేలు దానిని సిగ్నళ్లకు, పెట్టెలలో దీపాలకు వాడుకొన్నవి. గనులలో కార్మికుడు నడుమునకు బ్యాటరీ కట్టుకొని, టోపీకి దీపము పెట్టుకొన్నాడు. నిప్పుతో వెలిగే దీపము గనిలోని వాయువునకు అంటుకొని పేలే భయము దానితో తగ్గినది. సామాను మోసే బండ్లలో, ఓడల వైర్‌లెస్ గదులలో అది పనిచేసినది. కొని మురిసే వస్తువు కావలెనని పుట్టినది, ఎవరును చూడని చోట గొడ్డుచాకిరి చేసినది. ఎడిసన్ కంపెనీ బ్యాటరీల వ్యాపారమును 1972లో వేరొకరు కొన్నారు. ఆ కర్మాగారములో తయారీ 1975లో ఆగినది. నికెలు, ఇనుముల బ్యాటరీలు ఇతర దేశాలలో నేటికిని తయారగుచున్నవి. సౌరవిద్యుత్తును నిలువచేసుకొనే ఇండ్లలో వాటిని వాడేవారు ఉన్నారు. బరువు ఎంతున్నను అక్కడ పరవాలేదు, ఆయువే ముఖ్యము.

ఎడిసన్ తుది సంవత్సరాలలో టైర్లకు కావలసిన రబ్బరును అమెరికాలోనే పండించవలెనని వేలాది మొక్కలను పరీక్షించాడు. 1931 అక్టోబరు 18న వెస్ట్ ఆరెంజిలోని స్వగృహములో కన్నుమూశాడు. మూడు దినాల తరువాత, అధ్యక్షుడు హూవర్ కోరికపై, రాత్రి పది గంటలకు దేశమంతట జనము ఒక నిమిషము దీపాలు తగ్గించుకొన్నారు. విద్యుత్తు సరఫరానే నిలిపివేయవలెనను ఆలోచన రాగా, ఆసుపత్రులకు, యంత్రాలకు ప్రమాదమని దానిని మానుకొన్నారు.

ఫ్లారిడాలోని ఫోర్ట్ మయర్స్‌లో ఎడిసన్ శీతకాలపు ఇంటి పక్కనే ఫోర్డు 1916లో ఒక ఇల్లు కొన్నాడు. అదే ఏడాది ఎడిసన్‌కు ఒక మోడల్ టీ కారు బహూకరించాడు. పెద్దాయన ఆ పెట్రోలు కారును సంతోషముగా స్వీకరించి దాచుకొన్నాడు. వెస్ట్ ఆరెంజి ఇంటిలో మాత్రము, ఊరి వీధులలో తిరుగుటకు, ఆయన కుటుంబమునకు 1914 నాటి డెట్రాయిట్ ఎలక్ట్రిక్ కారు ఉండెను.